తూచకుండా వేసిన సూది

ఈ మధ్య మా ఆత్మకూరులో కుక్కలకు స్నానం చేయించే అంగడి పెడతామంటూ చదువుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ఆ పెద్దాయన ఎప్పుడో పెట్టాడు, పోయి అడగండి అని ఎవరో చెప్పి పంపుతారు. ఏ షాంపూ మంచిది, ఏ కత్తెర కొనాలి, బస్టాండు దగ్గర పెట్టాలా లేక కాస్త ఊరి బయట పెట్టాలా అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. పద్నాలుగు నెలలు బాగా నడిచిన అంగడిని ఎందుకు మూశారు సార్ అని అడిగితే మాత్రం, వయసైపోయింది నాయనా అని తప్పించుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఈ విషయంలో నేను ఇప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను. రెండోది మోసే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. డాక్టరును కాను. డాక్టరు పక్కన నిలబడే మనిషిని. పశువు తల పట్టుకోవడం, మందు కలపడం, కట్టు కట్టడం, డాక్టరు రాలేని రోజు ఆయన ఫోనులో చెప్పినట్టు సూది వేయడం నా పని. ఎక్కువ కాలం ఉదయగిరి వైపే గడిచింది. ఉదయగిరి కొండ కింద పల్లెల్లో గొర్రెలు, మేకలు జాస్తి. పొద్దున్నే మోటారు సైకిలు మీద మందుల పెట్టె కట్టుకుని బయల్దేరితే ఏ మధ్యాహ్నానికో తిరిగి వచ్చేవాడిని. పల్లెల్లో నన్ను డాక్టరు అనే పిలిచేవాళ్లు. మొదట్లో, "నేను డాక్టరును కాదబ్బా" అని చెప్పేవాడిని. వాళ్లు నవ్వి, "సూది వేసేవోడు డాక్టరు కాకపోతే ఇంకెవరు?" అనేవాళ్లు. పదేళ్లకు చెప్పడం మానేశాను. ఇరవై ఏళ్లకు నాకే ఆ మాట అలవాటైపోయింది.

నాకు ఇంకొక పేరు కూడా ఉండేది. కంటి తూకం. గొర్రె ముందు నిలబడి ఒకసారి చూస్తే చాలు, ఎన్ని కిలోలో చెప్పేవాడిని. సంతలో గొర్రెల బేరగాళ్లు నన్ను పిలిచి పందెం కాసేవాళ్లు. ఒక కిలో అటూ ఇటూ తప్ప నేను తప్పింది లేదు. ఇదేమీ గొప్ప విద్య కాదు, మా పనిలో ఉన్నవాళ్లందరికీ ఎంతో కొంత వస్తుంది. పొలం గట్టు మీద ఎనుమును, అంటే బర్రెను, పట్టుకుని నిలబడిన రైతుకు, తూచి రమ్మని చెబితే ఏ కాటా దగ్గరికి తోలుకుపోతాడు? చూపుతోనే అంచనా వేసుకోవాలి, చెయ్యి అలవాటుతోనే మందు తియ్యాలి. ఎనుము విషయంలో ఇరవై కిలోలు తప్పినా ఏమీ కాదు. ఆ ఏమీ కాకపోవడమే నన్ను పాడు చేసింది.

రిటైరయ్యాక ఆత్మకూరులో స్థిరపడ్డాను. కరోనా వెళ్లాక చూస్తే ఊళ్లో కుక్కలు పెరిగిపోయాయి. నాటు కుక్కలు కాదు, బొచ్చు కుక్కలు, చెవులు వేలాడేవి, కాళ్లు పొట్టివి. ఇళ్లలో ఊరికే కూర్చుని కూర్చుని అందరూ తెచ్చుకున్నట్టున్నారు. వాటికి ఒళ్లు కడగాలన్నా, బొచ్చు కత్తిరించాలన్నా నెల్లూరు పోవాలి. ఆ మాట మొదట అన్నది నా మేనకోడలు, మా చెల్లెలి కూతురు. ఆ పిల్ల మొగుడింటి నుంచి వచ్చేసి, చదువుకునే కూతురితో వేరే ఉంటూ, ఆత్మకూరులోనే బ్యూటీ పార్లర్ నడిపేది. కరోనాలో అది మూతపడింది.

"మామా, మనుషుల జుట్టు కత్తిరించినదాన్ని, కుక్కల బొచ్చు కత్తిరించలేనా? నువ్వు పట్టుకో, నేను కత్తిరిస్తాను," అంది.

అలా మొదలైంది. ఆమె పార్లర్లోని కుర్చీ, జుట్టు ఆరబెట్టే మిషను, అద్దం అన్నీ తెచ్చి పెట్టింది. నేను షెడ్డు వేయించాను. స్నానం, కత్తిరింపు, ఊరికి పోయేవాళ్ల కుక్కలకు వసతి అని బోర్డు రాయించాం. మొదటి నెలంతా ఊరు మమ్మల్ని చూసి నవ్వింది. అనంతసాగరం నుంచి షేర్ ఆటోలో వచ్చిన నా పాత రైతు ఒకాయన, మేనకోడలు ఒక కుక్కకు బొచ్చు ఆరబెడుతుంటే గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "ఏంది సామీ, ఎనుముల డాక్టరువి, కడాకు కుక్కల మంగలివైపోయినావే," అన్నాడు. మేం కూడా నవ్వాం. ఆరు నెలలు తిరిగేసరికి, ఆదివారం వస్తే చేజర్ల నుంచి కూడా కుక్కలను తెచ్చి వరుసలో కూర్చునేవాళ్లు.

బోర్డు మీద వైద్యం అనే మాట లేదు. రాయించే హక్కు నాకు లేదు. కానీ కుక్కను తెచ్చినవాళ్లు ఊరుకుంటారా? "డాక్టరు గారూ, కడుపులో పురుగులకు మందు కూడా వేసేయండి, మళ్లీ యాడికి పోయేది," అంటారు. నేను కూడా సరే అనేవాడిని. చేతిలో పని ఉంది, పెట్టెలో మందు ఉంది. మేనకోడలికి ఇది ఇష్టం ఉండేది కాదు. వేస్తే వేశావులే, తూకం మిషనైనా ఒకటి కొందాం, నెల్లూరులో అన్ని చోట్లా పెట్టుకున్నారు అని రెండు మూడుసార్లు చెప్పింది. నేను నా రెండు కళ్లూ చూపించి నవ్వాను.

మా దగ్గర షాంపూ కొనుక్కుపోయి, కుక్కకు ఇంట్లోనే స్నానం చేయించుకునే వ్యాపారి కుటుంబం ఒకటి ఉండేది. ఊళ్లో హోల్‌సేల్ కిరాణా వాళ్లది. పెద్దామె, కొడుకు, కోడలు. వాళ్లకు తెల్లటి బొచ్చు కుక్క ఒకటి ఉండేది, తొమ్మిదేళ్లది. దాని పేరు కూడా ఇక్కడ రాయను. అది నిజానికి కోడలి కుక్క. పెళ్లై వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి దాన్ని కుక్కపిల్లగా ఉన్నప్పుడే వెంట తెచ్చుకుందట. మొదట్లో ముట్టుకోనివ్వని అత్త, రెండేళ్లు తిరిగేసరికి దాన్ని తన మంచం మీద పడుకోబెట్టుకునే దాకా వచ్చింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు కలిసి నవ్వేది ఆ కుక్కను చూసేనని కొడుకు ఒకసారి నాతో అన్నాడు.

జలదంకిలో బంధువుల పెళ్లికి పోతూ ఒక పొద్దున కోడలు దాన్ని తెచ్చి వదిలింది. బయట కారులో మిగతావాళ్లు తొందరపెడుతున్నారు.

"సార్, రేపు సాయంత్రానికి వచ్చేస్తాం. చెవుల కాడ పిడుదుల మాదిరి ఏందో కనిపిస్తా ఉండాయి, ఒకసారి చూడండి," అంది. గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించింది. "పొద్దున రవ్వలడ్డు ముక్క పెట్టినాను. బో ఆశగా చూస్తా ఉంటే మనసు ఒప్పలా. ఈ పూటకు అన్నం పెట్టాల్సిన పన్లేదు. మా అత్తకు మాత్రం చెప్పబాకండి, దానికి తీపి పెడితే తిడతాది."

చెప్పనులే అమ్మా అన్నాను. ఆమె నవ్వుతూ కారెక్కింది.

ఆమె చూడమంది. వేయమనలేదు. ఈ తేడా నేను తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. చెవుల వెనక బొచ్చు విడదీసి చూశాను. రక్తం తాగే పిడుదులు నాలుగైదు ఉన్నాయి. స్నానంతో, చేత్తో ఏరితే పోయేవే. కానీ పల్లెల్లో మాకు ఒక పద్ధతి ఉండేది. పశువు చేతికి దొరికినప్పుడే సూది వేసేయాలి, వదిలితే మళ్లీ దొరకదు. అదే పద్ధతిలో, స్నానానికి పంపేముందే వేసేద్దామని పెట్టె తీశాను. గొర్రెలకు వేసే మందే అది. కుక్కలకు కూడా వేస్తారు, కానీ చుక్కల లెక్కన. కుక్కను ఒకసారి చూశాను. పది కిలోలు అనుకున్నాను. పది కిలోలంటే గొర్రెపిల్ల. నా చెయ్యి గొర్రెపిల్లకు తీసినట్టే తీసింది. అది కిక్కురుమనలేదు కూడా. నా చెయ్యి నాకింది.

మేనకోడలు దాన్ని లోపలికి తీసుకుపోయి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. నేను బయట కూర్చుని పేపరు చదువుతున్నాను. పావుగంటకు లోపలి నుంచి ఆ పిల్ల నవ్వు వినిపించింది.

"మామా, ఇది చూడు! అంతా బొచ్చే! లోపల ఏమీ లేదు!"

తడిసిన కుక్కను రెండు చేతుల్లో ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. బొచ్చు ఒంటికి అతుక్కుపోయి, ఎముకలు కనబడుతూ, పుల్లల్లాంటి కాళ్లు. మూడు కిలోలు ఉంటుందేమో. దాని ముసలి ముఖం కూడా అప్పుడే కనిపించింది నాకు. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. నేను పేపరు పక్కన పడేసి లేచి నిలబడ్డాను. నవ్వు ఆపి, "ఏమైంది మామా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

అప్పుడే నెల్లూరు బయల్దేరి ఉండాలి. బయల్దేరలేదు. ఏమీ కాదేమో, కుక్క గట్టిదేమో, మందు పాతదేమో అని నాకు నేనే చెప్పుకుంటూ మూడు గంటలు దాని పక్కనే కూర్చున్నాను. భయంతో కూర్చున్నానని చెప్పలేను, సిగ్గుతో కూర్చున్నాను. కంటి తూకం తప్పిందని ఒక మనిషికి చెప్పాలంటే సిగ్గు. పన్నెండు దాటాక దాని నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. లేచి నడవబోయి పక్కకు పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ గోడ కనబడక దానికే పోయి కొట్టుకుంది.

నా పాత డాక్టరుకు ఫోను చేశాను. ఉదయగిరిలో నేను ఆయన కింద పదకొండేళ్లు పనిచేశాను. రిటైరై నెల్లూరులో ఉంటున్నాడు. విషయం చెప్పాను.

"ఎన్ని కిలోలయ్యా?" అన్నాడు.

"పది అనుకున్నాను సార్. మూడే ఉంది."

"తూచలా?"

"లేదు సార్."

"దానికి విరుగుడు లేదయ్యా. సెలైన్ ఎక్కించి, ఊపిరి నిలబెట్టి కాపాడుకోవాలంతే. తొందరగా తీసుకురా," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

కారు మాట్లాడుకుని బయల్దేరాం. మేనకోడలు దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పాను ఆమెకు, పొద్దున ఏం చేశానో. ఆమె నా వైపు చూడలేదు. దుప్పటి సర్దుతూనే ఉంది. దారిలో సంగం ఊరు దాటకముందే దాని ఒళ్లు బిగుసుకుని, తరువాత వదులైంది. కారు ఆపించి రోడ్డు పక్కన నిలబడ్డాం. దుప్పటి మూటను చేతుల్లో పట్టుకుని ఆమె నా వైపు తిరిగింది.

"మామా, నువ్వు పెన్షన్ మనిషివి. నాకు ఉండేది ఈ అంగడి ఒక్కటే. డాక్టరు కానోడు సూది వేసి చంపినాడని తెలిస్తే రేపటి నుంచి ఒక్క కుక్క రాదు. నా బిడ్డను ఎట్ట చదివించుకునేది? ముసలి కుక్క, గుండె ఆగిపోయిందని చెప్పు. నీకు దండం పెడతాను."

నేను సరే అన్నాను. ఆమె కోసమే సరే అన్నానని చాలా రోజులు అనుకున్నాను. ఆమె అడగకపోయినా అదే చెప్పి ఉండేవాడినని ఇప్పుడు తెలుసు.

మేం ఫోను చేసి చెబితే ఆ ఇంటివాళ్లు పెళ్లి మధ్యలోనే బయల్దేరి సాయంత్రానికి వచ్చేశారు. పెద్దామె అంగడి ముందు బెంచీ మీద కూర్చుని, దుప్పటి మూటను ఒళ్లో పెట్టుకుంది. పట్టుచీర కూడా మార్చుకోలేదు.

"ఏమైంది నాయనా? పొద్దున బాగుండింది గదా."

"గుండె ఆగిపోయిందమ్మా. వయసు మీద పడింది గదా."

"మొన్న నెల్లూరులో టీకా వేయించినప్పుడు, గుండె బాగుండాది, ఇంకా నాలుగేళ్లు బతుకుతాది అన్నాడే ఆ డాక్టరు?"

ఆమె నన్ను నిలదీయాలని అడగలేదు. అర్థం కాక అడిగింది. కానీ నా అబద్ధానికి ఏదో ఒక ఊతం కావాలి. చుట్టూ వెతికాను. దొరికింది.

"ఒక్కోసారి తిన్నది కూడా పడదమ్మా. పొద్దున లడ్డు తినిందంట," అన్నాను.

కోడలు ఆమె వెనకే నిలబడి ఉంది. తలెత్తి నా వైపు చూసింది. చెప్పనన్నారు గదా అని ఆ చూపులో లేదు. నిజమేనా, నేనేనా చంపింది అని ఉంది. కొడుకు సెల్‌ఫోను తీసి ఏదో వెతికాడు. "లడ్డులో కిస్‌మిస్ ఉంటాది గదమ్మా. కిస్‌మిస్ కుక్కలకు విషమంట, ఇందులో రాసుండాది," అన్నాడు. పెద్దామె వెనక్కి తిరిగి కోడలిని చూసింది. మూట ఎత్తుకుని కారు దగ్గరికి నడిచింది. కోడలు చెయ్యి సాయం పట్టబోతే, వద్దన్నట్టు మోచెయ్యి జరిపింది.

తరువాత పన్నెండు రోజులు అంగడి మామూలుగా నడిచింది. మామూలుగా అంటే, కుక్కలు వచ్చాయి, కడిగాం, పంపాం. బెంచీ మీద కూర్చునేవాళ్లు ఆ ఇంటి సంగతి మాట్లాడుకునేవాళ్లు. చదువుకున్న పిల్లే, లడ్డు పెట్టొద్దని తెలీదా అని ఒకరు. కావాలనే పెట్టిందేమో, అత్తకు దాని మీద అంత ప్రేమ గదా అని ఇంకొకరు. నేను ఆ మాటల మధ్యలో షాంపూ కలుపుతూ ఉండేవాడిని. మందుల పెట్టెను మాత్రం మొదటి రోజే ఇంటికి తీసుకుపోయి అటక మీద పడేశాను. మేనకోడలు నాతో పని మాటలు తప్ప వేరే మాట్లాడేది కాదు.

పదమూడో రోజు పొద్దున కోడలు వచ్చింది, ఒంటరిగా. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మీరు డాక్టరు గదా. ఒకమాట అడిగిపోదామని వచ్చినాను. ఒక్క లడ్డు ముక్కకు కుక్క చస్తాదా?"

నేను షాంపూ డబ్బా మూత బిగించాను. ఆమే చెప్పుకుంటూ పోయింది.

"మా అత్త నా చేతి కాఫీ తాగడంలా. మోకాళ్ల నొప్పులతో తానే పొయ్యి కాడికి పోయి పెట్టుకుంటా ఉండాది. తిట్టినా పడతాను సార్, మాట్లాడదు. నేను గదిలోకి పోతే లేచి అవతలికి పోతాది. అది పిల్లప్పటి నుంచి నా చేతిలో పెరిగింది. ఎప్పుడో ఒకసారి తీపి పెడతానే ఉండినాను, ఎప్పుడూ ఏమీ కాలా. అందుకని అడుగుతా ఉండాను. నేనే అయితే నేనే అని చెప్పండి. మోస్తాను. కాకపోతే కాదని ఒక్కమాట చెప్పండి."

ఇంతకంటే సులువుగా ఎవరూ ఎవరినీ నిజం అడగరు. మేనకోడలు కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చెప్పలేమమ్మా. ఒక్కోదానికి ఒక్కో మాదిరి ఉంటుంది," అన్నాను.

ఆమె తల ఊపింది. సరే సార్, వస్తాను అని వెళ్లిపోయింది.

మేనకోడలు షట్టర్ సగం దించింది. లోపల కత్తిరింపు సగంలో ఉన్న కుక్కను బల్ల మీద నుంచి దించి గిన్నెలో నీళ్లు పెట్టింది. తరువాత నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామా, ఆ పొద్దు దాచమన్నది నేనే. కాదనను. కానీ లడ్డు మాట ఎత్తమని నేను చెప్పినానా?"

"లేదు."

"నా మొగుడింట్లో నగ కనపడలేదని దొంగతనం నా మీద వేసినారు. నీకు తెలుసు గదా. ఆర్నెల్లకు అది బీరువా వెనకాల దొరికింది. దొరికినాక కూడా ఎవురూ నోరు తెరిచి ఒకమాట అనలా. ఆ ఆర్నెల్లు నేను తిన్న కూడు నాకు తెలుసు. రేపు పొద్దున పోదాం. ఇద్దరం పోదాం."

"మరి అంగడి?"

"పోతే పోయింది," అంది. అనేటప్పుడు గొంతు వణికింది. వణకలేదని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది, కానీ వణికింది.

అంగడి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమె భయపడినట్టే అయింది. వారం తిరగకముందే ఊరంతా తెలిసింది. ఆదివారం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. నెలాఖరుకు షట్టర్ పూర్తిగా దించేశాం. ఆమె ఇప్పుడు రోజూ పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు పోయి, ఎవరిదో కుక్కల సెలూన్లో జీతానికి పనిచేస్తోంది. చెయ్యి మంచిదని పేరు తెచ్చుకుంది. కూతురు చదువు ఆగలేదు. నాతో మాట్లాడుతుంది, పండక్కి వస్తుంది. కానీ మళ్లీ సొంతంగా పెడదామా అని నేను అన్నప్పుడు మాత్రం వేరే మాట ఎత్తుకుంటుంది. ఆమె సొంత బతుకును నా చెయ్యి అలవాటు తినేసింది. అంగడి పెట్టబోయే పిల్లలు దీన్ని ముందు తెలుసుకోవాలి. పనిలో తప్పు జరుగుతుంది. జంతువు నోరు తెరిచి చెప్పదు కాబట్టి దాచడం చాలా తేలిక. కానీ మీరు దాచిన తప్పు అక్కడే పడి ఉండదు, ఎవరో ఒక మనిషి నెత్తికి చేరుతుంది.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి ఇద్దరం ఆ ఇంటికి పోయాం. పెద్దామె ముందు గదిలో దివాను మీద కూర్చుని ఉంది. కొడుకు అంగడికి బయల్దేరబోతున్నాడు. కోడలు అవతల వాకిలి పక్కన నేల మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. మమ్మల్ని చూసి కొడుకు కుర్చీలు వేశాడు. మేం కూర్చోలేదు.

దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వచ్చినవాడిని, అక్కడ అన్నీ మరిచిపోయాను.

"అమ్మా, నేను డాక్టరును కాదు. ఆసుపత్రిలో మందు కలిపే మనిషిని. మీ కుక్కకు నేనే సూది వేసినాను. ఎవురూ వేయమనలా. తూచకుండా వేసినాను. మూడింతల బరువనుకుని వేసినాను. అందుకే చచ్చిపోయింది. లడ్డుకు సంబంధం లేదు. మీకు చెప్పిందంతా అబద్ధం."

"దాచమని చెప్పింది నేను," అంది మేనకోడలు నా పక్కనుంచి.

కొడుకు ఒక్కసారిగా మీదికి వచ్చాడు. "ఏందయ్యా నువ్వు మాట్లాడేది? ఇన్ని దినాలు మా ఇంట్లో ఏం జరుగుతా ఉండాదో తెలుసా నీకు? స్టేషన్‌కు నడువు," అని చొక్కా పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు. పెద్దామె చెయ్యెత్తి ఆపింది. నా ముఖంలోకి చూసింది.

"బాధపడిందా నాయనా?" అని అడిగింది.

లేదమ్మా, నిద్రలోనే పోయింది అనడానికి మాట నాలుక చివర దాకా వచ్చింది.

"పడిందమ్మా. రెండు మూడు గంటలు. కళ్లు కనపడక గోడకు కొట్టుకునింది."

ఆమె కొంగుతో నోరు మూసుకుంది. ఇంక నా వైపు చూడలేదు. నేను కోడలి వైపు తిరిగి చేతులు జోడించాను. ఆమె ఒళ్లో గోంగూర కట్ట అలాగే ఉంది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు.

"నిన్న వచ్చి అడిగినాను గదా సార్," అంది.

"తప్పయిపోయిందమ్మా."

"ఒక్కమాటే గదా అడిగినాను."

ముప్పై నాలుగేళ్లలో నన్ను పై అధికారులు తిట్టారు, పశువు చచ్చిపోయిన రైతులు కొట్టడానికి వచ్చారు. వాళ్లందరికీ ఏదో ఒకటి చెప్పగలిగాను. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ రోజుకీ లేదు. మేనకోడలు నా చెయ్యి పట్టుకుని, పద మామా అంది.

గుమ్మం బయట వంగి చెప్పులు తొడుక్కుంటున్నాను. లోపలి నుంచి పెద్దామె గొంతు వినిపించింది.

"అమ్మాయ్, రవ్వంత కాఫీ పెట్టియ్యమ్మా."

కిటికీలోంచి కోడలు కనబడుతోంది. తల వంచుకుని ఆకు వలుస్తూనే ఉంది. పెద్దామె ఈసారి ఇంకా మెల్లగా, బతిమాలుతున్నట్టు, మళ్లీ పిలిచింది.

కోడలు లేవలేదు.